నీళ్ల లెక్క

మా ఇంట్లో ఒక పాత స్టీలు గ్లాసు ఉంది. అంచు దాకా నింపితే 200 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసా మీద 10 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది కదా, దాంతో ఇరవై సార్లు పోసి కొలిచాను. 2017 ఫిబ్రవరి సంగతి. మా ఆయనకి కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలై వారమైంది. రోజు మొత్తం మీద తాగేది 750 మిల్లీలీటర్లు దాటకూడదన్నారు డాక్టరుగారు. టీ, చారు, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్లు అన్నీ అందులోనే. "అంటే ఎన్ని గ్లాసులండీ?" అని మా ఆయన అడిగితే, "మీ ఇంట్లో గ్లాసు ఎంతదో నాకేం తెలుసు?" అన్నారాయన. నిజమే కదా. ఇంటికొచ్చి కొలిచాను.

అప్పటి నుంచి ఆరేళ్ల నాలుగు నెలలు లెక్క రాశాను. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కులు పదకొండు అయ్యాయి. తేదీ, పొద్దున బరువు, తాగిన నీళ్లు, బీపీ. డయాలసిస్ రోజైతే మిషను ఎక్కక ముందు బరువు, దిగాక బరువు. రాత్రి పడుకోబోయే ముందు రేపటి తేదీ వేసి, గళ్లు గీసి పెట్టుకునేదాన్ని. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని, హాజరుపట్టీ అలవాటు ఎక్కడికి పోతుంది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటి మండలం. ఉద్దానం అంటే ఇప్పుడు అందరికీ కిడ్నీలే గుర్తొస్తాయి గానీ, ఆ పేరు ఉద్యానం నుంచి వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. కొబ్బరి, జీడి, పనస. తోటలోకి వెళ్తే మిట్టమధ్యాహ్నం కూడా ఎండ నేలకి దిగదు. అలాంటి చోట కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఏ మండలం చూసినా ఇదే రోగం. షుగర్ ఉండదు, మందు అలవాటు ఉండదు, అయినా కిడ్నీలు కుంచించుకుపోతాయి. తెలిసేసరికి సగం పైన పోయి ఉంటాయి. సంతలో కలిసినా "క్రియాటిన్ ఎంతుంది?" అని అడుగుతారు మావాళ్లు, కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే రక్తపరీక్ష అది. నీళ్లన్నారు, నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడం అన్నారు, నొప్పి మాత్రలన్నారు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి రక్తం తీసుకెళ్లారు, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. కచ్చితంగా ఇదీ కారణం అని తేల్చినవాళ్లు మాత్రం ఇప్పటికీ లేరు.

డయాలసిస్ కోసం మొదట్లో విశాఖ వెళ్లేవాళ్లం. సోంపేట స్టేషన్ అంటారు గానీ అది ఉండేది కంచిలిలో. అక్కడ రైలెక్కితే 200 కిలోమీటర్ల ప్రయాణం. నాలుగు గంటలు మిషను మీద, మళ్లీ రైలు. తర్వాత దగ్గర్లోనే సెంటర్ వచ్చింది, ఆటోలో వెళ్లొచ్చేవాళ్లం. వారానికి మూడు సార్లు. అది వచ్చుండకపోతే ఆరేళ్లు కాదు, ఆరు నెలలు కూడా కష్టమే.

డయాలసిస్ గురించి తెలియనివాళ్లు సూదులే పెద్ద బాధ అనుకుంటారు. సూదులు బాధే. కానీ అసలు బాధ దాహం. కిడ్నీ పనిచేయనివాళ్లకి తాగిన నీళ్లు బయటికి పోవు. కాళ్లకి దిగుతాయి, ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతాయి. అందుకే కొలత. మనిషి దాహంతో ఉంటాడు, ఒళ్లు నీళ్లతో నిండి ఉంటుంది. ఇంకో సంగతి. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోతుందని కొబ్బరి నీళ్లు అసలు ముట్టొద్దన్నారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కొబ్బరి తోటలో బతికిన మనిషికి. కోత రోజున కూలీలు బొండాలు కొట్టుకుని తాగుతుంటే, ఈయన గట్టు మీద కూర్చుని కాయలు లెక్కపెట్టేవారు. ఒకసారి ఒక కుర్రాడు తెలియక బొండం చెక్కి చేతికిచ్చాడు. తీసుకున్నారు, కాసేపు అలా పట్టుకుని చూశారు, నాకిచ్చారు. "నువ్వు తాగు టీచరమ్మా, ఎలాగుందో చెప్పు" అన్నారు. ఆ బొండం నేను ఎలా తాగానో నాకే తెలుసు.

మేము బాప్తిస్టు సంఘంవాళ్లం. కెనడా మిషనరీల కాలం నుంచి మా అత్తగారి వైపువాళ్లు ఆ సంఘంలోనే ఉన్నారు. ప్రతి డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు ఇస్తారు. ఆ ఏడాదికి దేవుడు ఇచ్చిన మాట అని ఇంట్లో గోడకి పెట్టుకుంటాం. 2017కి మాకు వచ్చింది 103వ కీర్తన: "నీ సంకటములన్నిటిని కుదుర్చువాడు." నెలన్నర తిరక్కుండా మిషను ఎక్కారు. ఆ కార్డుని గోడ మీదే వెనక్కి తిప్పి పెట్టాను. చించడానికి భయం వేసింది, చూడడానికి మనసు రాలేదు.

పరామర్శకి చాలామంది వచ్చారు. వచ్చినవాళ్లని తప్పు పట్టకూడదు గానీ, కొందరి మాటలు సూదుల కంటే లోతుగా దిగాయి. "ఎక్కడో తెలియని పాపం ఉండి ఉంటుందమ్మా, పరీక్షించుకోండి" అని ఒకావిడ. పోయిన మా మామగారి తప్పులు కూడా తవ్వింది. పై ఊరి నుంచి ఒక బోధకుడు వచ్చి తలకి నూనె రాసి, విశ్వాసం చాలితే ఆ మిషను అవసరం లేదన్నాడు. గంటసేపు చెప్పాడు. చెప్పీ చెప్పీ గొంతెండి చెంబెడు నీళ్లు అడిగి గటగటా తాగాడు, మళ్లీ అడిగి ఇంకో చెంబు తాగాడు. మా ఆయన ఆయన మొహం వైపు చూడలేదు, చెంబు వైపే చూస్తూ కూర్చున్నారు. ఆయన వెళ్లాక "ఆయన విశ్వాసం రెండు లీటర్లుంటాది" అన్నారు. చాన్నాళ్ల తర్వాత ఆ రోజు ఇద్దరం నవ్వాం.

పాపం అన్నావిడ కోసం యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం తీశాను. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న అదే కదా: "వీడు గ్రుడ్డివాడై పుట్టుటకు ఎవడు పాపము చేసెను? వీడా, వీని కన్నవారా?" ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. దేవుని క్రియలు వీడిలో కనబడడానికి అని ఆ తర్వాత ఉంటుంది. నిజం చెప్తున్నాను, ఆ రెండో సగం నాకు ఇప్పటికీ పూర్తిగా మింగుడుపడదు. మొదటి సగాన్ని పట్టుకునే ఆరేళ్లు నడిచాను. శాస్త్రవేత్తలకి తేలని కారణాన్ని ఊళ్లో ఆవిడ తేల్చేస్తే, ఆ నోరు మూయించడానికి నాకు ఆ సగం చాలింది.

వచ్చినవాళ్లలో ఒకే ఒక్కాయన ఏమీ చెప్పలేదు. మా పక్కింటాయన. మా ఆయన చిన్ననాటి స్నేహితుడు, బావా అంటే బావా అనుకునేవారు, నేను అన్నయ్యా అంటాను. ఆయన మా మతం కాదు, ప్రతి కార్తీకంలో దీక్ష పట్టే మనిషి. రోజూ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. కొబ్బరి ధర, ఎవరి ఆవు ఈనింది, అంతే మాటలు. చాలా రోజులు అవి కూడా ఉండేవి కావు. మొదటి ఏడాది సగం గడిచాక గమనించాను, ఆయన మా ఇంట్లో మంచినీళ్లు తాగడం మానేశాడు. టీ ఇస్తే "ఇప్పుడే తాగొచ్చేసేను చెల్లీ" అనేవాడు. మే నెలలో తోట నుంచి చెమటలు కక్కుతూ వచ్చి కూడా అదే మాట. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బైబిల్లో యోబు అన్నీ పోగొట్టుకుని ఒంటి నిండా పుండ్లతో ఉంటే, అతని స్నేహితులు మొదటి ఏడు రోజులూ మాట్లాడకుండా అతనితో పాటు నేల మీద కూర్చున్నారని ఉంటుంది. తర్వాత నోరు తెరిచారు, అక్కడి నుంచి అంతా పాడైంది. "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు" అని యోబు చేత అనిపించుకున్నారు. మా అన్నయ్య ఆ ఏడు రోజుల్నీ ఆరేళ్లు సాగదీశాడు.

నా తప్పు కూడా ఒకటి రాయాలి.

2018 మే. రాత్రి రెండు దాటాక మెలకువ వస్తే పక్కన మనిషి లేరు. పెరట్లో కుళాయి దగ్గర చీకట్లో ఒంగుని, దోసిలి పట్టి తాగుతున్నారు. దొంగలా. చప్పుడు కాకుండా కుళాయి కొంచెమే తిప్పుకున్నారు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చచ్చిపోతారా? చచ్చిపోవాలని ఉందా?" అని అరిచాను. చుట్టుపక్కల వాళ్లు లేచారు. తడి చేతుల్తో అలాగే నిలబడిపోయారు. తెల్లారేసరికి బరువు నాలుగు కిలోలు పైన, ఆయాసం, పడుకోలేక కూర్చునే ఉన్నారు. ముందుగా మిషను ఎక్కించి నీళ్లు లాగారు, లాగుతుంటే పిక్కలు పట్టేసి ఆయన కేకలు పెడుతుంటే నేను కాళ్లు నొక్కుతూ కూర్చున్నాను. ఆ రోజు నోట్‌బుక్కులో "నీళ్లు" గడిలో ప్రశ్నార్థకం వేసి ఉంది. ఎంత తాగారో నేను అడగలేదు.

ఆ వారంలోనే కాబోలు, బైబిల్ మళ్లీ తెరిచాను. భక్తి కాదు, నిద్ర పట్టక. 56వ కీర్తన తగిలింది: "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడి యున్నవి, అవి నీ కవిలెలో కనబడుచున్నవి గదా." చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చదివానో. ఆ రాత్రి రెండు మాటల దగ్గర ఆగిపోయాను. బుడ్డి, కవిలె. బుడ్డి అంటే ఏదో పెద్ద పాత్ర కాదు, మా ఇళ్లలో కిరసనాయిలు పోసుకునే చిన్న బుడ్డి లాంటిది. చుక్క చుక్క చూసి పోస్తే గానీ అందులో పట్టదు. కవిలె అంటే పద్దుల పుస్తకం, కరణాలు రాసుకునేది. తెలుగు టీచర్ని, అర్థం తెలియక కాదు. నా పక్కనే కొలత సీసా, పద్దు పుస్తకం ఉన్నాయి, అందుకని ఆగాను. ఏ మనిషి ఎంత తాగాడో మిల్లీలీటర్లలో ఎవరు రాస్తారు? ఆ మనిషి పోతే బతకలేనివాళ్లు రాస్తారు. దేవుడు కూడా ఇలాగే కళ్లద్దాలు పెట్టుకుని రాత్రిపూట గళ్లు గీస్తున్నాడా అనిపించింది. ఏడుపు వచ్చింది, చాలాసేపు ఏడ్చాను.

పొద్దున ఆయనకి ఆ వాక్యం చదివి వినిపించాను. విని, "అయితే ఏడిస్తే బరువు తగ్గుద్దేటి?" అన్నారు. సెంటర్లో సిస్టర్‌ని కూడా అడిగారట. "తగ్గదు బాబాయ్, ఉప్పు తగ్గించు" అందట ఆ పిల్ల.

ఆ అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది. మా పక్కనే తీరం దాటింది. తెల్లారి చూస్తే మాకున్న 64 చెట్లలో ఏడు నిలబడ్డాయి. కరెంటు లేదు, దారుల నిండా చెట్లు, డయాలసిస్ ఒక వాయిదా తప్పింది. రెండోది కూడా తప్పితే మనిషి దక్కడు. అన్నయ్య గొడ్డలి పట్టుకుని, ఇంకో ఇద్దర్ని వెంటేసుకుని, రోడ్డుకి అడ్డంగా పడ్డ మాను నరుక్కుంటూ ముందు నడిచాడు, వెనక బండి మీద ఈయన. ఆ రెండు రోజులు ఈయన రోజుకి 400 మాత్రమే తాగారు. నేను చెప్పలేదు, తనకి తానే. డిసెంబరులో ఏడు చెట్ల మధ్య ఖాళీల్లో కొబ్బరి మొక్కలు నాటించారు. కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. నాటేటప్పుడు ఆ లెక్క ఆయన వేసుకునే ఉంటారు. నాతో అనలేదు, నేనూ అనలేదు.

2022 ఏప్రిల్ 15, శుభ శుక్రవారం. మా సంఘంలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు ఏడుగురు చెప్తారు. ఆ ఏడాది పాస్టరుగారు ఇంటికొచ్చి అయిదో మాట మా ఆయన్ని చెప్పమన్నారు. ఈయన జన్మలో స్టేజీ ఎక్కలేదు. "నాకేటొచ్చు పాస్టరుగారూ" అంటే, "ఈ మాట మా అందరికంటే మీకే వచ్చు" అన్నారాయన. పాస్టరుగారు అంతవరకు చేసిన ప్రార్థనలన్నీ ఒక ఎత్తు, ఆ పిలుపు ఒక ఎత్తు.

చర్చి నిండా జనం, ఫ్యాన్లు తిరుగుతున్నా ఉడుకు. ఈయన మైకు దగ్గర నిలబడి వాక్యం చదివారు, "నేను దప్పిగొనుచున్నాను." కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్న మాటలు నాకు గుర్తున్నంత వరకు ఇవి:

"ఎక్కువ మాట్లాడితే నోరెండిపోద్ది, కొంచెమే చెప్తాను. తండ్రీ వీరిని క్షమించుము అన్నాడు, అది నాకింకా రాలేదు. నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను అన్నాడు, అదీ రాలేదు. ఈ ఒక్క మాట వచ్చు. నేను దాహం అయితే దాచుకునేవాణ్ణి. ఇంట్లో తెలిస్తే బాధపడతాదని. రాత్రిపూట దొంగతనంగా తాగేను కూడా. సిగ్గు. సముద్రం చేసినోడు అందరిలోనూ నాకు దాహమేస్తంది అని నోరు తెరిచి అడిగేడు. బావి దగ్గర కూడా అడిగేడు. ఆయనకి లేని సిగ్గు నాకేటి? అదే నాకు తెలిసింది. వందనాలు."

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వచ్చి నా పక్క వరసలో కూర్చున్నారు. నేను తల ఎత్తలేదు. కుళాయి సంగతి మా ఇద్దరి మధ్యే ఉందనుకున్నాను, మూడొందల మంది ముందు పెట్టేశారు. కోపం రాలేదు. నాలుగేళ్లుగా గుండెల మీద ఉన్న రాయి ఎవరో తీసి కింద పెట్టినట్టయింది.

అప్పటి నుంచి ఇంట్లో కొత్త ఆట మొదలైంది. దాహం వేస్తే మంచం మీద నుంచి "టీచరమ్మా, నేను దప్పిగొనుచున్నాను" అని గ్రంథ భాషలో అరిచేవారు. లెక్కలో మిగిలుంటే ఒక గుక్క. లేకపోతే ఫ్రిజ్‌లో ఐసు ముక్క ఒకటి, లేదా దూది తడిపి పెదాలకి అద్దడం. ఆ దూదికి స్పంజి అని పేరు పెట్టారు. సిలువ మీద ప్రభువుకి దాహమైతే చిరకలో, అంటే పులిసిన ద్రాక్షరసంలో, ముంచి అందించింది స్పంజే కదా. "చిరక కాదు కదా?" అని అడిగేవారు ప్రతిసారీ. సువార్తలో ఆ స్పంజి అందించినవాడి పేరు రాయలేదు. మంచివాడో, వెక్కిరించినవాడో, వాడి మనసులో ఏముందో కూడా యోహాను చెప్పలేదు. సిలువ చుట్టూ ఎంతమంది ఉన్నా, ఆ కాసేపు నాకు వాడే కనబడేవాడు. హిస్సోపు పుడకకి స్పంజి తగిలించి పైకెత్తి పట్టుకున్న ఒక చెయ్యి. బాధలో అర్థం ఏమిటని నన్ను అడిగితే నాకు పెద్ద మాటలు రావు. ఆ చెయ్యి, ఈ దూది, రెండూ ఒకే పని చేస్తున్నాయని మాత్రం గట్టిగా నమ్మాను. బైబిల్లో నాకు చోటు దొరికింది అనిపించింది, చాలా చిన్న చోటే.

డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఫిస్టులా అని ఎడమ చేతి మణికట్టు దగ్గర రక్తనాళాల్ని కలుపుతారు. దాని మీద చెయ్యి పెడితే తేనెటీగల పట్టు పట్టుకున్నట్టు జుమ్మని అదురుతుంది. అదురుతోందో లేదో రోజూ చూసుకోమంటారు. రాత్రుళ్లు నిద్రలో కూడా నా చెయ్యి దాని మీదే ఉండేది. 2023 జూన్‌లో, డయాలసిస్ లేని రోజు, తెల్లవారుజామున చెయ్యి వేస్తే జుమ్మనలేదు. పదకొండో నోట్‌బుక్కులో ఆ రోజు తేదీ ఉంది, గీసిన గళ్లు ఉన్నాయి. అందులో ఏమీ రాయలేదు.

భూస్థాపన అయ్యాక ఇల్లు సర్దుతుంటే 2017 కార్డు కనబడింది, గోడకి ఇంకా వెనక్కే తిరిగి ఉంది. తిప్పి చదివాను. మళ్లీ అలాగే తిప్పి పెట్టాను. నాకూ ఆ వాక్యానికీ ఇంకా మాటలు కలవలేదు. కలుస్తాయేమో.

ఆ డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం నుంచి ఉద్దానానికి వంశధార నీళ్లు తెచ్చే పథకం, రెండూ ఒకే రోజు ప్రారంభించారు. టీవీలో చూశాను. కుళాయిలోంచి నీళ్లు పడుతుంటే అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

అన్నయ్య మాత్రం రావడం మానలేదు. రోజూ కాదు గానీ, వారానికి మూడు నాలుగు సార్లు వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్తాడు. సంక్రాంతి వెళ్లాక ఒక సాయంత్రం మా తోట చూసి వచ్చాడు. తిత్లీ తర్వాత నాటిన మొక్కల్లో ఒకటి రెండు పొత్తులు వేసేలా ఉన్నాయని చెప్పాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. కాసేపు వీధిలోకి చూస్తూ కూర్చుని, గొంతు సవరించుకుని అన్నాడు:

"చెల్లీ, కాసిని మంచినీళ్లిస్తావా?"

లోపలికి వెళ్లి ఆ స్టీలు గ్లాసే తీసి అంచు దాకా నింపి తెచ్చాను. రెండు చేతుల్తో పట్టుకుని ఆగకుండా తాగాడు. ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. నేను లోపలికొచ్చి పదకొండో పుస్తకం తీసి, ఆ ఖాళీ గళ్ల కింద ఇంకో తేదీ వేసి, నీళ్ల గడిలో 200 అని రాశాను.